బుల్లయ్య బాబాయి సాక్ష్యం

నేను ఎవరింటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు అడుగుతాను. దాహమై కాదు. మంచినీళ్ళడిగిన మనిషిని మా వైపు ఎవరూ అనుమానించరు. చెంబు చేతికిచ్చి, "కూర్చో నాయనా, ఎండన పడి వచ్చావు" అంటారు. కూర్చుంటాను. పిల్లలేం చదువుతున్నారని అడుగుతాను. ఈ ఏడు మిరప దిగుబడి ఎట్లా ఉందని అడుగుతాను. చివర్లో, లేచి వెళ్ళబోతూ గుర్తొచ్చినట్టు, "పెద్దాయనకి ఈ ఆయాసం ఎన్నాళ్ళ నుంచమ్మా?" అంటాను. "ఎన్నాళ్ళేంది నాయనా, ఏళ్ళ నుంచీ ఇంతే" అంటుంది ఆ ఇల్లాలు, నేను జాలిపడతాననుకుని. బయటికొచ్చి బండి మీద కూర్చుని ఆ మాటే ఫోన్లో రాసుకుంటాను. ఉన్న జబ్బు దాచి పాలసీ తీసుకున్నారని కంపెనీ వాళ్ళకి ఉత్తరం రాస్తుంది. క్లెయిము పోతుంది.

ఇదీ నా ఉద్యోగం. ఆరోగ్య బీమా కంపెనీలో వెరిఫికేషన్ ఆఫీసరు. మా అమ్మ మాత్రం ఊళ్ళో, "మావాడు జబ్బు చేసినోళ్ళకి డబ్బులిప్పించే ఆఫీసులో చేస్తాడు" అని చెప్పుకునేది. నేను ఎప్పుడూ కాదనలేదు.

కాపురం చిలకలూరిపేటలో. నా భార్య రెబ్కా అక్కడే ప్రైవేటు స్కూల్లో టీచరు. పొద్దున క్యారేజీ చేతికిస్తూ, "ఇవాళ ఎవరింట్లో మంచినీళ్ళు?" అని ఆటపట్టించేది. ప్రతి ఆదివారం ఇద్దరం బండి మీద పర్చూరు దగ్గరున్న మా ఊరికి వెళ్ళి, అమ్మతో కలిసి చర్చికి వెళ్ళి, అక్కడే భోంచేసి వచ్చేవాళ్ళం.

పోయిన మిరపకోతల కాలంలో, ఫిబ్రవరి చివర్లో, నా ఫోనుకి ఒక కొత్త ఫైలొచ్చింది. పేరు చదివి ఉలిక్కిపడ్డాను. మా వీధి బుల్లయ్య బాబాయి. రక్తసంబంధం లేదు గానీ, మా నాన్నా ఆయనా ఒకే కౌలు పొలంలో పదిహేనేళ్ళు మిరప వేశారు. నాన్న పోయిన రోజు సమాధి దగ్గర నా భుజం పట్టుకుని నిలబడిన మనిషి ఆయన. గుండెకి మూడు చోట్ల అడ్డంకులు, ఆపరేషన్ చెయ్యాలి, అనుమతివ్వండి అని గుంటూరు ఆసుపత్రివాళ్ళు కంపెనీకి రాశారు. పాలసీ తీసుకుని రెండేళ్ళే అయింది కాబట్టి, పాత జబ్బేమైనా ఉందేమో చూసి రమ్మని ఫైలు నాకిచ్చారు.

తెలిసినవాళ్ళ ఫైలు వస్తే వెనక్కి పంపెయ్యాలని రూలు. నేను పంపలేదు. మంచి చేద్దామనే ఉంచుకున్నాను. నా తరపున నేను చెప్పుకోగలిగింది ఈ ఒక్క ముక్కే.

వార్డులోకి వెళ్ళేసరికి బాబాయి నన్ను చూసి లేచి కూర్చోబోయాడు. "ఏందబ్బాయ్, నువ్వా వచ్చింది! ఎవడో సూటేసుకుని వస్తాడని మీ పిన్ని హడలిపోతంది."

జయకుమారి పిన్ని నా రెండు చేతులూ పట్టుకుంది. "దేవుడే పంపాడయ్యా నిన్ను. ఇంక నాకు దిగుల్లేదు."

వాళ్ళ కూతురు ఆరాధనకి హైదరాబాదులో ఉద్యోగమొచ్చింది. ఆమె జీతం చూసి వీళ్ళ తెల్లకార్డు తీసేశారు, దాంతో సర్కారు వైద్యం లేదు. మొదటి నెల జీతంతో ఆ పిల్ల అమ్మానాన్నలకి బట్టలు కొనలేదు, ఈ పాలసీ కొంది. పిన్ని ఆ కార్డుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బైబిల్లో దాచుకుని తెచ్చింది.

అడగాల్సిన ప్రశ్న అడిగాను. "ఇంతకు ముందెప్పుడైనా గుండెలో నొప్పి గానీ, చెయ్యి లాగడం గానీ..."

"గుండెనొప్పా? మొన్న క్రిస్మసు దాకా మిరప బస్తా ఒక్కణ్ణే లారీకెత్తినోణ్ణి. మీ నాన్నుంటే చెప్పేవాడు."

డాక్టరు నన్ను పక్కకి పిలిచి, రెండు మూడు వారాల్లో ఆపరేషన్ చేస్తే మనిషి మళ్ళీ మామూలుగా తిరుగుతాడనీ, ఆలస్యం మంచిది కాదనీ చెప్పాడు. ఆ సాయంత్రమే 'పాత జబ్బు ఏదీ లేదు' అని రిపోర్టు పంపేశాను. ఇంటికెళ్ళి రెబ్కాకి చెప్పాను. ఆ పూట చేపల పులుసు వండింది.

మూడో రోజు మా మేనేజరు చైతన్యకృష్ణ ఫోన్ చేశాడు. నాకన్నా రెండేళ్ళు చిన్నవాడు. ఎప్పుడూ గొంతు పెంచడు.

"ఇమ్మానియేల్, ఈ నెల నువ్వు పంపినవి ఆరు. ఆరూ క్లీన్. మీ పల్నాడు, ప్రకాశంలో జబ్బులే ఉండవా?"

"నిజంగానే ఏమీ లేదు సార్."

"ఏమీ లేకపోవడమంటూ ఉండదు. నువ్వు సరిగ్గా చూడలేదు, అంతే. మార్చి నెలాఖరుకి కాంట్రాక్టులు రెన్యూ చెయ్యాలి. ఎవర్ని ఉంచాలో లిస్టు నన్నే ఇమ్మన్నారు. ఆ బుల్లయ్య ఫైలు వెనక్కి పంపుతున్నా. గురువారం లోపల మళ్ళీ చూడు."

చూడ్డానికి కొత్తగా ఏమీ లేదు. ఉన్నది నాకు ముందే తెలుసు.

మా చర్చిలో సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. దేవుడు తమకి చేసిన మేలు లేచి నిలబడి పదిమందికీ చెప్పాలి. చెప్పేటప్పుడు గోరంత కొండంత అవుతుంది. ఎవరూ తప్పు పట్టరు. జబ్బు ఎంత పెద్దదైతే దేవుడికి అంత మహిమ. జ్వరం టైఫాయిడ్ అవుతుంది, కాలు బెణికితే విరిగిందంటారు. అందరూ స్తోత్రం అంటారు, ఎంత తీసెయ్యాలో అంత తీసేసి, మిగిలిందే నమ్ముతారు.

ఈ విద్యలో బుల్లయ్య బాబాయిని మించినవాడు లేడు. పద్నాలుగేళ్ళ కిందట ఏప్రిల్ ఎండలో, నెత్తిన తువ్వాలు కూడా లేకుండా మిరప కల్లంలో కాయలు తిరగేస్తూ పడిపోయాడు. వడదెబ్బ. నేను ఇంటరు సెలవుల్లో ఇంటి దగ్గరే ఉన్నాను. మా నాన్న ఆయన్ని భుజాన వేసుకుని వేపచెట్టు కిందికి తెస్తే, నేను పరిగెత్తి ఇంటికెళ్ళి మజ్జిగ తెచ్చాను. ఆర్‌ఎంపీ డాక్టరు అలీ సాహెబ్ వచ్చి, ఒక సెలైను ఎక్కించి, "బుద్ధుందా నీకు, ఈ ఎండలో బోడితలతో నిలబడతావా" అని తిట్టి వెళ్ళాడు. సాయంత్రానికి బాబాయి మా ఇంట్లోనే జావ తాగాడు. అంతే జరిగింది.

ఆ ఏడు సాక్ష్యంలో కళ్ళు తిరిగి పడ్డానన్నాడు. మరుసటేడు మూడు గంటలు స్పృహ లేదన్నాడు. ఇంకో ఏడాదికి డాక్టర్లు చేతులెత్తేశారు. ఆ 'డాక్టర్లు' మాట వచ్చినప్పుడల్లా నేనూ రెబ్కా ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా జాగ్రత్తపడేవాళ్ళం. అయిదేళ్ళ కిందట చర్చికి యూట్యూబ్ చానల్ పెట్టినప్పుడు, మంచి ఫోను నాదే కాబట్టి వీడియోలు తీసే పని నాకు పడింది. అప్పటికి బాబాయి సాక్ష్యం, "నా గుండె ఆగిపోయింది, ఇక లేడని తెల్లగుడ్డ తెచ్చారు" అనే దాకా పెరిగింది. ఎక్కువమంది చూడాలని దానికి 'ఆగిన గుండెను కొట్టించిన దేవుడు' అని పేరు పెట్టింది నేనే.

బుధవారం మధ్యాహ్నం పేటలో, జిన్నింగు మిల్లు ఎదురుగా టీకొట్టు దగ్గర బండాపాను. పత్తి లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. టీ చెప్పి, ఫోనులో ఆ వీడియో తెరిచి, లింకు తీసి రిపోర్టులో పెట్టాను. కింద రెండు వాక్యాలు రాశాను: పద్నాలుగు సంవత్సరాల క్రితమే గుండె ఆగిన సంఘటన జరిగినట్లు పేషెంటు స్వయంగా చెప్పియున్నారు, పాలసీ తీసుకునేటప్పుడు ఈ విషయం తెలుపలేదు. అందులో నా మాట ఒక్కటీ లేదు, అంతా ఆయన చెప్పిందే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. టీ తాగి, ఇంకో ఇంటికి వెళ్ళాల్సి ఉంటే వెళ్ళాను. అక్కడా మంచినీళ్ళు అడిగాను.

నా కాంట్రాక్టు రెన్యూ అయింది. బాబాయిని మాత్రలిచ్చి ఇంటికి పంపేశారు.

ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం, చర్చి అయ్యాక పిన్ని కంపెనీ పంపిన ఉత్తరం పట్టుకుని మా అమ్మ వాళ్ళింటికి వచ్చింది. వెనకాలే బాబాయి, నాలుగడుగులకోసారి ఆగుతూ. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. నేను పంచలో మంచం మీద కూర్చునే ఉన్నాను. అయినా పిన్ని రెబ్కా చేతికే ఇచ్చింది. "నువ్వు చదువు తల్లీ. ఆరాధన ఫోన్లో చదివి ఏడుస్తంది గానీ, సంగతి చెప్పదు."

రెబ్కా చదివి తెలుగులో చెప్పింది. వీడియో అన్న చోట ఒక్క క్షణం ఆగింది. తర్వాత మొత్తం చెప్పింది.

బాబాయి అరుగు మీద కూర్చుని, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ ఊరికే అనలా. నా నోరే నన్ను కొట్టింది."

"అప్పీలు పెట్టొచ్చు బాబాయ్" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. దానికే నాకు భయమేసింది.

"ఏమని పెడతాంరా? దేవుడి సన్నిధిలో చెప్పింది అబద్ధమనా?"

తిరిగి పేటకి వస్తుంటే దారి పొడవునా కల్లాలు. ఘాటుకి ఇద్దరం దగ్గుతూనే ఉన్నాం. పర్చూరు దాటాక రెబ్కా వెనక నుంచి, "మన చర్చిలో వీడియో ఉందని హైదరాబాదులో మీ కంపెనీవాళ్ళకెలా తెలిసిందండీ?" అంది.

"వాళ్ళకి అలాంటివి వెతికే సాఫ్ట్‌వేర్లుంటాయి."

"మన చానలుకి నూట పన్నెండుమంది ఉన్నారు. అందులో మీ కంపెనీలో పనిచేసేది ఒక్కరే" అంది. నేను వెనక్కి తిరగలేదు.

ఈస్టరు రోజు చర్చి నిండిపోయింది. గుంటూరు నుంచి, ఒంగోలు నుంచి కూడా వచ్చారు. పాటలయ్యాక పాస్టరుగారు సాక్ష్యాలు చెప్పేవాళ్ళని లేవమన్నారు. బుల్లయ్య బాబాయి లేచాడు. కొత్త పంచె కట్టుకున్నాడు, గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన లేవగానే రెండు మూడు మొహాల్లో నవ్వొచ్చింది. పాత సాక్ష్యమే అనుకున్నారు.

"ప్రభువు నామమున అందరికీ వందనాలు. నేను సాక్ష్యం చెప్పటానికి లేవలా. ఒప్పుకోటానికి లేచా. పద్నాలుగేళ్ళ నుంచి ఇక్కడ నిలబడి మీకు అబద్ధం చెప్పా. నా గుండె ఆగలా. డాక్టర్లు రాలా. నాకు వడదెబ్బ తగిలింది. దేవుడు గొప్పోడని చెప్పబోయి, నేను గొప్పోణ్ణయ్యా. అందుకే నాకీ గతి పట్టింది. మీరంతా నన్ను క్షమించాల."

స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తోచలేదు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న పిన్ని తల మీది కొంగు మొహం మీదికి లాక్కుంది.

అప్పుడు మా అమ్మ లేచింది. అమ్మకి చర్చి అయినా సంతయినా గొంతు ఒకటే. "వడదెబ్బని ఊరంతటికీ తెలుసు బుల్లయ్యా! నువ్వు ఒప్పుకునేదేంది? మా ఆయనే గదా నిన్ను మోసుకొచ్చింది. ఆ ముక్క కంపెనీవాళ్ళకి చెపితే సరిపాయె గదా. మావాడే గదా మజ్జిగ తెచ్చింది. ఏరా ఇమ్మానియేలూ, నువ్వక్కడే ఉన్నావు గదా, మీ ఆఫీసోళ్ళకి నువ్వే చెప్పొచ్చు. చెప్పవేం?"

అందరూ నా వైపు తిరిగారు. పాస్టరుగారు కళ్ళజోడు తీసి నన్నే చూస్తున్నారు. ఉన్నానంటే, తెలిసీ రాశానని రేపు ఆఫీసులో తేలిపోతుంది. ఇవాళే ఇక్కడ తేలిపోతుంది. అంత లెక్క ఒక్క క్షణంలో వేసుకున్నాను.

"నాకు సరిగ్గా గుర్తులేదమ్మా" అన్నాను.

నన్ను ఆదుకున్నది బుల్లయ్య బాబాయే.

"పోనీలే వదినా. అప్పుడు చదువుల్లో పడున్నోడు. అన్నీ ఏడ గుర్తుంటాయి? కుర్రోణ్ణి నిలబెట్టి అడక్కు" అని, గోడ పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు.

ఆడవాళ్ళ వరసలో రెబ్కా నా వైపు చూడలేదు. మోకాళ్ళ మీద పాటల పుస్తకం మూసి పెట్టుకుని, దాని అట్ట వైపే చూస్తూ కూర్చుంది. ఆ రోజు నేను చర్చిలోంచి ఎలా బయటికొచ్చానో, ఎవరెవరికి చెయ్యి కలిపానో గుర్తులేదు. ఆ మాట మాత్రం నిజం.

సోమవారం సాయంత్రం ఆమె టేబుల్ దగ్గర తెల్లకాగితాలు పెట్టుకుని కూర్చుంది. "అప్పీలు ఎవరికి రాయాలో ఆ అడ్రసు చెప్పండి" అంది. చెప్పాను. రాసుకుంది. జరిగిందంతా వరసగా రాసింది. కింద 'ఆ రోజు అక్కడ ఉన్నవారు' అని రాసి గీత కొట్టింది.

"అత్తయ్య సంతకం పెడతానన్నారు. మామయ్యా లేరు, అలీ సాహెబ్ గారూ పోయారు. ఇంకొకరున్నారు."

కాగితం టీవీ పక్కన పెట్టి, పెన్ను దాని మీద పెట్టి, వంటింట్లోకి వెళ్ళింది. నాలుగు రోజులు అది అక్కడే ఉంది. దాన్ని తప్పించుకుంటూ టీవీ చూశాను. ఎవరింట్లో మంచినీళ్ళని ఆమె అడగడం మానేసింది.

అయిదో రోజు అకాల వర్షం వచ్చింది. కల్లంలో కాయలు తడుస్తున్నాయని బాబాయి ఆగలేక, ఎవరు వద్దంటున్నా వెళ్ళి పట్టా లాగాడంట. అక్కడే గుండె పట్టుకుని కూలబడ్డాడు. అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ప్రాణం ఉంది, మళ్ళీ గుంటూరు తీసుకెళ్ళారు.

రెబ్కా చెప్పులు వేసుకుంటూ అంది. "నేను పిన్ని దగ్గరికి వెళ్తున్నాను. మీరు సంతకం పెడితే ఈ కాగితం తీసుకెళ్తాను. పెట్టకపోతే ఆ లింకు ఎవరిచ్చారో చెప్పి వస్తాను."

సంతకం పెట్టాను. నా మనసు కరిగిందని చెప్పుకోవాలని ఉంది గానీ, అది కాదు. భయపడి పెట్టాను.

వారానికి చైతన్యకృష్ణ ఫోన్ చేశాడు. ఈసారి గొంతు ఇంకా తగ్గించి మాట్లాడాడు. "నువ్వే రిపోర్టు రాసి, నువ్వే సాక్షిగా సంతకం పెడతావా? ఇది పైకి వెళ్తే నీకూ నాకూ ఇద్దరికీ ఉంటుంది. పాస్ చేసేస్తున్నా. ఇంక ఈ ఫైలు గురించి ఎక్కడా మాట్లాడకు."

అంతే. నాకేమీ కాలేదు. ఉద్యోగం మానేశానని చెప్తే వినేవాళ్ళకి బాగుంటుంది. మానలేదు. ఇప్పటికీ అదే చేస్తున్నాను.

మే నెలాఖరున ఆపరేషన్ జరిగింది. డాక్టరు నన్ను గుర్తుపట్టాడు. "మార్చిలో చేసి ఉంటే మళ్ళీ బస్తాలెత్తేవాడు. ఇప్పుడు గుండె కండ దెబ్బతింది. బతుకుతాడు, ఇంట్లో తిరుగుతాడు, అంతవరకే" అన్నాడు. పొలం కౌలు వదులుకున్నారు. పిన్ని ఎవరి కల్లంలోనో తొడిమలు తీసే కూలికి వెళ్తోంది.

తొలకరి పడి పత్తి గింజలు పెడుతున్న రోజుల్లో, ఒక ఆదివారం సాయంత్రం ఇద్దరూ షేరాటోలో పేటకి మా ఇంటికి వచ్చారు. బాబాయి సగానికి సగం తగ్గిపోయాడు. చొక్కా గుండీల మధ్య నుంచి కుట్లు కనిపిస్తున్నాయి. పిన్ని దంపిన కారం డబ్బా తెచ్చి రెబ్కా చేతిలో పెట్టింది. రెబ్కా ఆమెని లోపలికి తీసుకెళ్ళింది.

"నీ సంతకమే నన్ను బతికించింది అబ్బాయ్" అన్నాడు బాబాయి. "నీ ఉద్యోగానికి ఎసరొస్తదని తెలిసి కూడా పెట్టావంట గదా. రెబ్కా చెప్పలా, ఆరాధన చెప్పింది. మీ నాన్న పోలికే నీది."

నేను తల వంచుకుని కూర్చున్నాను. సిగ్గుతో వంచుకున్నాను. ఆయన అణకువ అనుకుని ఉంటాడు.

కాసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు. "ఒక్క మాట. ఆ కాయితం మొదట రాసినోడెవడో నీకు తెలిసే ఉంటది, మీ ఆఫీసేగా. పేరు నాకొద్దు. నేనేం మనసులో పెట్టుకోలేదని వాడికి చెప్పు. వాడికీ పెళ్ళాం ఉంటది, తల్లి ఉంటది. నిద్రపట్టక తిరుగుతుంటాడేమో."

తెలిసి అన్నాడో తెలియక అన్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. తలెత్తి చూస్తే రెబ్కా వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కారం డబ్బా ఇంకా చేతిలోనే ఉంది. నా నోటి వైపే చూస్తోంది. నేను నోరు తెరిచాను.

"చెప్తాను బాబాయ్" అన్నాను.